ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం

నవంబర్ 30, ఆదివారం

క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల అడ్వెంట్ మొదలైంది. పొద్దున్నే లేచి నేను చేసిన మొదటి పని వేళ్ళు కాల్చుకోవడం. కొవ్వొత్తుల దండ కడదామని గ్లూ గన్ పట్టుకుంటే అది కొమ్మలకంటే నాకే బాగా అతుక్కుంది. నాలుగు కొవ్వొత్తులూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. బాగుందమ్మా, అంది బోరోకా. ఎనిమిదేళ్ళ పిల్ల జాలిపడి బాగుందంటే ఇక చెప్పేదేముంది. మామయ్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇది దండా పిచ్చుక గూడా అమ్మాయ్, అన్నారు. మొదటి కొవ్వొత్తి వెలిగించాం.

మా ఆయన బర్నా లేకుండా ఇది మొదటి క్రిస్మస్. మార్చిలో పోయాడు. గుండె. అప్పట్నుంచీ మామయ్య ఉక్కు ఫ్యాక్టరీ వైపున్న తన పాత ఇంటి నుంచి ట్రాము ఎక్కి, బస్సు మారి, అవష్ గుట్ట మీద మా ఫ్లాటుకి వచ్చిపోతున్నారు. కొడుకు గురించి ఒక్క మాట మాట్లాడరు. కుళాయిలు బిగిస్తారు.

నా అసలు భయం ఇరవై నాలుగో తారీకు గురించి. చెట్టు తెచ్చేది, కట్టేది దేవదూతలని బోరోకా నమ్మకం. మా ఇంట్లో ఆ దేవదూత బర్నా. ప్రతి ఏడూ ఆ మధ్యాహ్నం నేనూ పిల్లా షికారుకి పోయేవాళ్ళం. చేపల పులుసు నేను చూసుకుంటాలే అని అతను ఇంట్లో ఉండిపోయేవాడు. తిరిగొచ్చేసరికి గదిలో చెట్టు నిండుగా నిలబడి ఉండేది. ఎలా కడతాడో నేను ఒక్కసారీ చూడలేదు. అంతా తెలిసినదాన్నే అయినా తలుపు తెరుచుకునే ముందు నాక్కూడా ఒళ్ళు జల్లుమనేది.

ఇప్పుడు అది నేను చెయ్యాలి. పిల్లని మామయ్య బయటికి తీసుకుపోవాలి. దేవదూత అంటే నాన్నే అని బోరోకాకి ఈ ఏడు తెలిస్తే నాన్న దానికి ఇంకోసారి పోయినట్టే. ఈ ఒక్క ఏడు దాటితే చాలు.

డిసెంబర్ 3

పళ్ళ క్లినిక్‌లో రద్దీ. పండగ మిఠాయిలు మార్కెట్లోకి రాగానే మిష్కోల్త్స్ ఊరి పళ్ళన్నీ ఊడిపోతాయి. రిసెప్షన్‌లో కూర్చుని, అవునండీ, గసగసాల రోల్ తింటే ఫిల్లింగ్ ఊడుతుందండీ అని ఎన్నిసార్లు చెప్పానో. ఇంటికొచ్చి బూట్లతోనే మంచం మీద పడ్డాను.

డిసెంబర్ 6, శనివారం

క్రిస్మస్ తాత రాత్రి వచ్చి నింపుతాడని నిన్న సాయంత్రం బోరోకా బూట్లు తుడిచి కిటికీలో పెట్టింది. ఇవాళ వాటిలో నారింజలు, వేరుశనక్కాయలు, చాక్లెట్, అల్లరి చేసినందుకు శిక్షగా బంగారు రంగు పూసిన పుల్లల కట్ట. అన్నీ ఉన్నాయి. చాక్లెట్ మాత్రం నిన్న లంచ్ బ్రేక్‌లో తిండి మానేసి పరిగెత్తి కొన్నాను. మధ్యాహ్నం పొయ్యి మీద కూర పెట్టి మర్చిపోయాను. అది నల్లగా అయింది.

డిసెంబర్ 7, ఆదివారం

ఐస్ రింక్. నేను గట్టు పట్టుకుని నిలబడ్డాను, బోరోకా తిరిగింది, మామయ్య బయట కాల్చిన చెస్ట్‌నట్లు పొట్లం కట్టించుకుని మా వంతువి కూడా తినేశారు. చల్లారిపోతే పాడైపోతాయి కదా, మీకోసమే తిన్నాను అన్నారు.

తర్వాత గొట్టం కేకు తిన్నాం. దాల్చినచెక్క వేసింది. వేడివేడిగా చుట్టలు చుట్టలుగా ఊడొస్తుంటే ముగ్గురం పోటీపడి తిన్నాం. చాలా రోజులకి నాకు ఏదైనా రుచిగా అనిపించింది. ఆ ఊపులో అడిగాను, ఇరవై నాలుగున తాతతో ఎక్కడికి పోతావే, రింక్‌కా, గుహలో వేడినీళ్ళ స్నానానికా అని.

ఎక్కడికీ పోను, ఇంట్లోనే ఉంటా, అంది.

ప్రతి ఏడూ పోతాం కదే అన్నాను. ఈ ఏడు పోను, అంది. గొంతు పెంచలేదు. వాళ్ళ నాన్న కూడా ఇంతే. అరిస్తే లొంగదీయొచ్చు, మెల్లగా చెప్పాడంటే ఇక అయిపోయినట్టే.

డిసెంబర్ 8

కనిపెట్టాలని చూస్తోంది. తలుపు సందులోంచి చూద్దామని. ఇంకేముంటుంది?

డిసెంబర్ 10

మామయ్యకి ఫోన్ చేసి చెప్పాను. నాకొదిలెయ్ అన్నారు. ఆయన నాకొదిలెయ్ అన్న వాషింగ్ మెషీన్ ఇప్పటికీ నడుస్తూ నడుస్తూ బాత్రూమ్ గుమ్మందాకా వస్తుంది.

డిసెంబర్ 13, శనివారం

లూత్సా అనే పునీతురాలి రోజు. ఈరోజు ఆడవాళ్ళు పని ముట్టుకోకూడదని మా అమ్మమ్మ అనేది. కుట్టకూడదు, ఉతకకూడదు, రొట్టె కాల్చకూడదు. రెండు లోడ్ల బట్టలు ఉతికాను, కర్టెన్లు దించాను, కిటికీలు తుడిచాను.

పళ్ళెంలో గోధుమలు చల్లాం, క్రిస్మస్ నాటికి పచ్చగా మొలకెత్తాలని. బోరోకా గ్లాసు నీళ్ళు ఒకేసారి పోసింది. వ్యవసాయం చేస్తున్నావా చేపల్ని పెంచుతున్నావా, అన్నారు మామయ్య. నీకు తెలీదులే తాతా, వాటికి దాహం, అంది.

కిటికీకి కాగితపు నక్షత్రాలు అంటించాం. ఎదురు బ్లాకులో అన్ని అంతస్తుల్లోనూ ఎరుపూ నీలమూ లైట్లు టపటపా కొట్టుకుంటున్నాయి. మనవి ఎందుకు కొట్టుకోవట్లేదు అంది. ప్లగ్ పెట్టడం మర్చిపోయాను.

డిసెంబర్ 14, ఆదివారం

లైట్లు కట్టిన ట్రాము. ఊరు ఊరంతా అందులోనే ఉంది. మామయ్య ఒక ముసలావిడతో సీటు గురించి పోట్లాడారు. నేను మీకంటే పెద్దదాన్ని అని ఆవిడ, అంత ధైర్యంగా ఒప్పుకున్నారు కాబట్టి కూర్చోండి అని ఈయన. ఆవిడ కూర్చుని దిగేదాకా ఈయనకేసి కోపంగా చూసింది. బోరోకా నవ్వాపుకోలేక నా కోటులో మొహం దాచుకుంది.

దిగాక లాంగోష్ తిన్నాం. నూనెలో పొంగిన రొట్టె, మీద వెల్లుల్లి నీళ్ళు, పుల్లటి మీగడ, తురిమిన చీజ్. మోచేతులదాకా కారింది. తింటూ తింటూ బోరోకా మొదలుపెట్టింది. దేవదూతలు ఎంతమంది వస్తారు? చెట్టు ఎవరు పట్టుకుంటారు? రెక్కలుంటే లిఫ్ట్‌లో ఇముడుతారా? చెట్టు బరువు ఎంత ఉంటుంది?

పోలీసు విచారణ. నాకు తెలీదు తినవే అని విసుక్కున్నాను. దాని మొహం చిన్నబోయింది.

డిసెంబర్ 17

గసగసాల రోల్ ఓవెన్‌లో పగిలింది. వాల్‌నట్‌ది కూడా. కూర్చుని ఏడ్చాను, తర్వాత పగిలిన ముక్కలు తిన్నాను. బాగానే ఉన్నాయి.

డిసెంబర్ 19

చెట్టుకి వేలాడదీసే మిఠాయిలకి దారాలు కట్టాలి. బంగారు కాగితం చుట్టినవి, రెండు కిలోలు. ఇంట్లో బోరోకా ఉంటుంది కనుక క్లినిక్‌కి పట్టుకుపోయి కౌంటర్ కింద పెట్టుకుని కట్టాను. దారం అయిపోయింది. డాక్టర్ కొర్నేలియా చూసి, ఏమిటి దొంగపని అని పక్కన కూర్చుని పళ్ళ సందులు తోమే పుదీనా వాసన ఫ్లాస్ దారం తీసింది. ఆవిడ కుట్లు వేసే ముడి వేస్తుంది, చచ్చినా ఊడదు. పుదీనా వాసన వచ్చే మిఠాయిలు ఈ ఊళ్ళో మా ఇంట్లోనే ఉంటాయి. బర్నా ఎన్ని కట్టేవాడు, పైన కట్టేవాడా కిందా అని ఆవిడ అడిగింది. తెలీదన్నాను. పాత ఫోటోలు తీసి చూశాను. అన్నిటిలోనూ చెట్టుకి అడ్డంగా నేనే నిలబడి ఉన్నాను.

డిసెంబర్ 20, శనివారం

చెట్టు కొన్నాం. కొన్నది మామయ్య. వాళ్ళ పాత ఇంటి కప్పు ఎత్తుని తలలో పెట్టుకుని కొన్నారు. మా కప్పు చెయ్యెత్తితే తగులుతుంది. అది చెప్తే, పైన కాస్త వంగుతుందిలే, మర్యాదగా ఉంటుంది అన్నారు. పక్కింటి గిజెల్లా పిన్నిగారి బాల్కనీలో దాచాం. ఆవిడ, నా బట్టలు ఎక్కడ ఆరేసుకోను అంటూనే చోటిచ్చింది.

సాయంత్రం బోరోకా లిఫ్ట్‌లో రాలిన ఆకులు చూసింది. వంగి, ఒక్కొక్కటీ ఏరి, జేబులో వేసుకుంది. నా వైపు చూడలేదు. నేను దాని వైపు చూడలేదు. ఏడో అంతస్తు ఇంత దూరమా.

డిసెంబర్ 22

మామయ్య సాధించారు. ఎలాగో రాసుకోవాలి.

లాంగోష్ ఆశ పెట్టారు, డబుల్ చీజ్. వద్దంది. ట్రాము ఆ చివరినుంచి ఈ చివరిదాకా అన్నారు. వద్దంది. చివరికి మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడి, సరేలే, నేనొక్కణ్ణే పోతా, మంచులో జారి పడితే ఎవరో ఒకరు లేపుతార్లే అన్నారు. బోరోకా ఆయన మోకాలికేసి చూసింది. తొందరగా వచ్చేద్దామా అంది. తొందరగానే, అన్నారు. అయితే చెయ్యి గట్టిగా పట్టుకో తాతా, అంది.

ఆ మోకాలితోనే మొన్న ఈయన చెట్టు మోశారు. బోరోకా బాత్రూమ్‌కి పోగానే నాకు కన్ను కొట్టారు.

డిసెంబర్ 23

చేపని కడిగి ముక్కలు కోశాను. మిరపపొడి కళ్ళలో పడింది. నిద్ర కావాలి. క్రిస్మస్ వద్దు, నిద్ర కావాలి.

డిసెంబర్ 24, మధ్యాహ్నం

వెళ్ళారు. బోరోకా గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నన్ను ఒకలా చూసింది. నువ్వొక్కదానివే ఉంటావా అంది. పులుసు ఉంది కదే తోడు అన్నాను. పెద్దగది తలుపు అద్దానికి దుప్పటి కట్టాను. చెట్టు తెచ్చుకోవాలి. పెన్ను పెట్టేస్తున్నా.

డిసెంబర్ 24, రాత్రి

క్రమంగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

చెట్టు తెచ్చాను. పొడుగెక్కువైంది. మొదలు రంపంతో కోశాను. కోశాక అక్కడ మాను లావు, స్టాండ్‌లో పట్టదు. కత్తితో చెక్కాను. నిలబెట్టాను. లైట్లు చుడుతుంటే నా మీద పడింది. మళ్ళీ నిలబెట్టి, మిగిలిన ఫ్లాస్ మొత్తం తీసి కర్టెన్ రాడ్‌కి కట్టాను. మిఠాయిలు ఒకవైపే కట్టినట్టున్నాను, అటు వంగింది. గాజు బంతి ఒకటి పగిలింది. ఈలోగా పులుసు పొంగింది. పొయ్యి దగ్గరికి పరిగెత్తి, తిరిగొచ్చి, నేల మీద కూలబడి గట్టిగా తిట్టాను. బర్నా, ఇదంతా ఒక్కడివే ఎలా చేసేవాడివయ్యా, ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా పోయావు, అని. ఆ మాట అన్నాక ఇంక ఆగలేదు. వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

తలుపు బయట నుంచి, అమ్మా, అని వినిపించింది.

ఎప్పుడొచ్చారో. తర్వాత తెలిసింది. మామయ్య తన కాలం లెక్కన ఇరవై నాలుగున సాయంత్రందాకా తిండి బండ్లుంటాయని నమ్మి పిల్లని లాక్కుపోయారు. ఇప్పుడు ఆ రోజు సెలవు. లాంగోష్ బండికి తాళం, గొట్టం కేకుకి తాళం, రింక్‌కి తాళం. ఇద్దరూ ఖాళీ కూడలిలో ఒక పావురాన్ని చూసి తిరుగు ట్రాము ఎక్కారు.

నేను నోరు మూసుకున్నాను. దుప్పటి మీద దాని నీడ కనిపిస్తోంది. లోపలికి వస్తే అయిపోయింది. రాలేదు. తలుపు ముట్టుకోలేదు. అక్కడే నిలబడి, అమ్మా, దేవదూతలకి సాయం చేస్తున్నావా, అంది.

అవునన్నాను.

బరువుగా ఉందా, అంది. చాలా బరువుగా ఉందే, అన్నాను.

నాకు తెలుసు, అంది. నాన్న ప్రతి ఏడూ వాళ్ళకి చెట్టు పట్టుకునేవాడుగా. అందుకే కదా షికారుకి వచ్చేవాడు కాదు. ఈసారి నాన్న లేడు, పట్టుకునేవాళ్ళు లేకపోతే వాళ్ళు వెళ్ళిపోతారేమో అనుకున్నా. అందుకే ఇంట్లో ఉంటానన్నా. నువ్వేమో పొమ్మన్నావు.

రెండు వారాలు దాన్ని దొంగని చూసినట్టు చూశాను. అది సందులోంచి చూడాలనుకోలేదు. వాళ్ళ నాన్న పని తను చేస్తానంది. ఎంత సిగ్గేసిందో, ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

లేచి తలుపు తీశాను.

లోపలికి వచ్చింది. దేవదూతలు ఎక్కడా అని అడగలేదు. చెట్టు చూసింది, నా జుట్టులో ఆకులు చూసింది, రాడ్‌కి కట్టిన ఫ్లాస్ చూసింది. కోటు విప్పి నేల మీద పడేసి, నేను పట్టుకుంటా, నువ్వు కట్టు, అంది. రెండు చేతులతో మానుని పట్టుకుని, చెంప ఆనించి, కొమ్మల మధ్యలో నిలబడింది. గుచ్చుకోవట్లేదా అంటే గుచ్చుకుంటోంది, తొందరగా కట్టు అంది. మామయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు, చర్చిలో లాగా. తర్వాత వచ్చి మిఠాయిలు అందించారు. అందించినన్ని తిన్నారు కూడా. పుదీనా ఏమిటి అమ్మాయ్ ఇందులో, అని ఒక్కటే అడిగారు.

అయింది. వంకరగానే ఉంది. కానీ నిలబడింది. గోధుమ మొలకల పళ్ళెం కింద పెట్టాం. లైట్లు వేశాం.

అప్పుడు బోరోకా, ఇక బయటికి నడవండి, అంది. గంట మోగకుండా చూడకూడదు కదా.

ముగ్గురం నడవాలోకి వచ్చి తలుపు మూసుకున్నాం. కోట్ల పక్కన వరసగా నిలబడ్డాం. ప్రతి ఏడూ ఇక్కడ నిలబడేది నేనూ బోరోకానే. లోపల గంట మోగుతుంది, అప్పుడు తలుపు తెరుస్తాం.

నిలబడ్డాం. నిలబడే ఉన్నాం. లోపల ఎవరూ లేరు.

మార్చి నుంచి నేను ఎన్నో చోట్ల నిలబడ్డాను. ఆసుపత్రిలో, శ్మశానంలో, ఆఫీసుల్లో. బర్నా లేడని నాకు పూర్తిగా తెలిసింది ఆ నడవాలో. నేను మరిచిపోయాను. ఇంత చేసి, గంట సంగతి మరిచిపోయాను. కదిలితే పిల్ల చూస్తుంది, కదలకపోతే ఏమీ మోగదు. బోరోకా తలుపుకేసి చూస్తూ నా చెయ్యి పట్టుకుంది. దాని అరచేయి జిగటగా ఉంది, చెట్టు బంకతో.

మామయ్య దగ్గారు. నా కళ్ళజోడు వంటింట్లో పెట్టినట్టున్నానే అన్నారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. వంటింట్లోంచి పెద్దగదికి ఇంకో గుమ్మం ఉంది. అటు పోయారు. ఏదో కుర్చీకి గుద్దుకున్న చప్పుడు, ఆయన పళ్ళు బిగించి తిట్టుకున్న చప్పుడు. తర్వాత గంట. మంటలు అంటుకున్నట్టు మోగించారు.

కుంటుకుంటూ తిరిగొచ్చారు. ఈసారి మోకాలు నిజంగానే.

బోరోకా ఆయన కోటు పట్టుకుని ఊపేసింది. తాతా, తాతా, మోగింది! సరిగ్గా నువ్వు లేనప్పుడే మోగింది! మిస్సయ్యావు! అని.

అయ్యో, ఎప్పుడూ నాకింతేనే తల్లీ, అన్నారు మామయ్య. మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదిలాయి. కొడుకు పోయాక ఆయన ఏడవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

తలుపు తెరిచాం.

డిసెంబర్ 25

మధ్యాహ్నందాకా నిద్రపోయాను. ఎవరూ లేపలేదు.

జనవరి 6

చెట్టు తీసేశాం. ఫ్లాస్ ముళ్ళు కత్తెరతో కోయాల్సొచ్చింది. మామయ్య మాను కిందికి మోసుకుపోయారు. నేను ఆకులు ఊడుస్తుంటే బోరోకా చేట పట్టుకుంది.

తాత గంట మోగించే పద్ధతి తప్పమ్మా, అంది. నాన్న మెల్లగా మోగించేవాడు. వచ్చే ఏడు నేను మోగిస్తా, నువ్వు తాతని నడవాలో పట్టుకో.

నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఎప్పట్నుంచి తెలుసు అని అడగలేదు.

తాతకి చెప్పకేం, అంది. నేను నమ్ముతున్నానని ఇంకా నమ్ముతున్నాడు.